గోదావరీ విహారము

కార్తికమాసము సమీపించుటతోడనే మన పట్టణములలోని గృహస్థులకు గోదావరి జ్ఞప్తికి వచ్చును. వరద తీసి, ఎర్రనీరు తేటపడి, లంకలు తలలెత్తి, ఉదయకాలమున నీటిపై పలుచని మంచుతెర నిలుచు ఆ దినములలో హైదరాబాదు నుండియు, విశాఖపట్టణము నుండియు, విజయవాడ నుండియు కుటుంబములు కుటుంబములుగా రాజమహేంద్రవరమునకు బయలుదేరుచున్నవి. పెద్దలకు స్నానపుణ్యము, పిల్లలకు ఇసుకతిన్నెలు, పడుచువారికి పాపికొండలు. ఒకే నది ముగ్గురిని మూడు విధముల పిలుచుచున్నది. ఈ పిలుపును విని జనులు కదలుట మాకెంతయు సంతోషము. కాని వీరు పోవుచున్న తీరును, వీరిని తీసికొని పోవుచున్నవారి తీరును చూచినపుడు కొన్ని మాటలు చెప్పక తప్పదని మాకు తోచుచున్నది.

విహారయాత్రపై సంపాదకీయము వ్రాయవలసినంత యేమున్నదని మా పాఠకులలో కొందరు శంకింపవచ్చును. ధరవరలు, నిరుద్యోగము, వ్యవసాయము మొదలగు గంభీర విషయములు కాచుకొని యుండగా పడవ షికారు గూర్చి చర్చయా యని అడుగవచ్చును. మా సమాధానమిది. దేశభక్తి యనునది జెండాపండుగనాడు మాత్రము ధరించు వస్త్రము కాదు. తన నేలను తన కాళ్లతో తొక్కి, తన నీటిని తన చేతులతో తాకి, ఆ యొడ్డున బ్రతుకు మనుష్యులను పేరుపెట్టి పిలువగలిగినపుడే అది నిలుచును. ఊటీ, కొడైకెనాలులు చూచి వచ్చినవారు మనలో వేలకు వేలు కలరు. ఇప్పుడు సింగపూరు, దుబాయి కూడ దగ్గరయైనవి. కాని ధవళేశ్వరము దిగువను గోదావరి ఏ పాయలుగా చీలి సముద్రమును చేరునో, ఆ పాయల పేర్లేమో అడిగిన తడువుకొనకుండ చెప్పగల పట్టణవాసులు మనలో ఎందరు? గౌతమి, వాసిష్ఠ, వైనతేయ అను ఆ పేర్లు సంకల్పము చెప్పు పురోహితునికి వదలిపెట్టి మనము నిశ్చింతగా నున్నాము.

మన పూర్వులకు విహారమను కార్యము వేరుగా ఉండెడిది కాదు. తీర్థము, ప్రయాణము, భోజనము, బంధుదర్శనము అన్నియు ఒకటిగా కలిసి యుండెడివి. కార్తికమున ఉసిరిచెట్టు నీడను విస్తరులు పరచి వాడవాడయంతయు కూడి భుజించిన వనభోజనము కంటె చక్కని కుటుంబవిహారమును ఏ దేశమువారును కనిపెట్టలేదని మా నమ్మకము. దానికి టిక్కెట్టు లేదు, దళారి లేడు. ధనికుని యింటి పులిహోరయు, పేదయింటి పచ్చిపులుసును ఒకే ఆకులో పడెడివి. అందులోను కులముల కట్టుబాట్లు దూరి కొందరిని దూరముగా కూర్చుండబెట్టిన మాట నిజమే. ఆ దోషమును దాచి ఆ యాచారమును పొగడుట మాకు సమ్మతము కాదు. ఆ గీతలను చెరిపి ఆచారమును నిలుపుకొనవలసినది పోయి, గీతలను నిలిపి ఆచారమును మరచుచున్నామేమో యని మా భయము.

జలమార్గ ప్రయాణముల సంగతి నేటి యువకులకు కథవలె నుండును. 1847లో మొదలై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట డెల్టా పొలములకు నీరిచ్చుటతో సరిపుచ్చుకొనలేదు. దాని కాలువలు పంటకు ఎంతయో ప్రయాణమునకును అంతయే ఉపకరించినవి. సాయంకాలము కాకినాడలో పడవ యెక్కిన కుటుంబము కాలువగట్టుపై నడచుచు మనుష్యులు త్రాడు పట్టి లాగుచుండగా రాత్రియంతయు మెల్లగా సాగెడిది. లాకుకడకు వచ్చి తలుపులు మూయబడి, నీటిమట్టము పెరిగి పడవ దానంతటదియే పైకి లేచుచుండ నిద్రకన్నుల పిల్లలు తల్లి కొంగు పట్టుకొని ఆ వింతను చూచెడివారు. నీటికి బరువు నెత్తు శక్తి కలదను పాఠము వారికి బడికి పోవుటకు ముందే తెలిసెడిది. రాజమహేంద్రవరము నుండి భద్రాచలమునకు లాంచీలలో పోయి రామదర్శనము చేసికొని వచ్చుట ఈ ప్రాంతపు కుటుంబములకు చిరకాలముగా అలవాటు. 1973లో వెలువడిన బాపు చలనచిత్రము ‘అందాల రాముడు’ నడచినది ఆ లాంచీ ప్రయాణము మీదనే. 1900లో హేవలాకు వంతెన పైన రైలు నడచుటతోను, అటుపిమ్మట రోడ్లు, బస్సులు పెరుగుటతోను జలమార్గము వెనుకబడినది. ఆ వంతెనకును కాలము చెల్లి 1997లో రైళ్లు ఆగిపోయినవి. వేగము పెరుగుట తప్పని మేమనము. కాని ఆ నిదానపు ప్రయాణముతో పాటు పడవ సరంగునకును ప్రయాణికునకును మధ్య నుండిన పరిచయము కూడ పోయినది. తరువాతి కష్టములకు మూలము ఇచ్చటనే కలదు.

నేటి పాపికొండల యాత్ర యెట్లు జరుగుచున్నదో చూడుడు. తెల్లవారుజామున బస్సులో కుక్కుకొని, నిద్ర తీరని పసివారిని భుజముల మీద వేసికొని, దుమ్ముబాటను రేవు చేరుదురు. పోలవరము కట్టడములు నదికి అడ్డుపడిన పిమ్మట బోట్లు రాజమహేంద్రవరము నుండి గాక, ఆనకట్టకు ఎగువను గండి పోచమ్మ గుడికడ నుండి బయలుదేరుచున్నవి. బోటు కదలిన నిముషము నుండి గొట్టములలో పాటలు మొదలగును. పైయంతస్తున నాట్యము, క్రింది యంతస్తున ఉపాహారము. త్ర్యంబకముకడ పుట్టి, దేశమునకు అడ్డముగా వేయి కిలోమీటర్లకు మించి నడచి వచ్చిన నది తూర్పు కనుమలను కోసికొని బయటకు వచ్చు చోటది. రాజమహేంద్రవరముకడ రెండున్నర కిలోమీటర్లకు పైబడిన వెడల్పుతో పరుండు గోదావరి అచ్చట రెండు కొండల సందున ఇరుకుకొని, ముడుచుకొని, మాట లేక ప్రవహించును. కొండనీడ నీటిపై నల్లగా పడును. గాలి చల్లబడును. ఆ మౌనమును వినుటకే గదా ఇంతదూరము వచ్చినది! కాని దానిని విననిచ్చువారెవ్వరు? గొట్టము అరచుచునేయుండును. జనులు నదివైపు వీపు పెట్టి ఫోను వైపు ముఖము పెట్టి తమ చిత్రములను తామే తీసికొనుచుందురు. పేరంటపల్లిలో దిగి, రామకృష్ణ మునివాటములోని శివాలయమున గంట మ్రోగించి, కొండరెడ్లు వెదురుపుల్లలతో చేసి అమ్ము పూలను బేరమాడి, సగము ధరకు కొని, విజయగర్వముతో బోటెక్కుదురు. సాయంకాలమునకు పాపికొండలు ‘చూచినట్లే’. పూవునకు పది రూపాయలు తగ్గించినవాడు అంతకు ముందు గంట క్రితము ఆ బోటులోనే శీతలపానీయమునకు అడిగినంత ధర యిచ్చినాడని మేము గుర్తు చేసిన కోపింపరాదు.

ఇది అభిరుచి లోపము మాత్రమే యయిన మేమింత వ్రాయకపోదుము. ప్రాణముల సంగతి కూడ ఇందులో కలదు.

2019 సెప్టెంబరు 15వ తేదీ ఆదివారమునాడు దేవీపట్నము మండలములోని కచ్చులూరుకడ ‘రాయల్ వసిష్ఠ’ యను విహారపు బోటు మునిగినది. సిబ్బందితో కలిసి 77 మంది అందులో నుండిరి. ప్రాణములతో బయటపడినవారు 26 మంది. ఆనాడు గోదావరిలో సెకనుకు ఐదు లక్షల ఘనపుటడుగులకు పైగా వరదనీరు పారుచుండెను. అంతటి వరదలో విహారపు బోటును రేవు విడువనిచ్చుటయే తొలి యపరాధము. ఆ పైన కచ్చులూరు మలుపు సుడులకు పేరుపొందిన తావు. కొండకు కొట్టుకొని తిరుగు నీరు అచ్చట బోటును తన యిచ్చవచ్చిన వైపునకు లాగును. అది భోజనవేళ యగుటచే పలువురు లైఫ్ జాకెట్లను విప్పి యుండిరని బ్రతికి వచ్చినవారు చెప్పినట్లు అప్పటి పత్రికలలో వచ్చినది. రెండంతస్తుల బోటు ఒక ప్రక్కకు ఒరిగినపుడు పైనున్న జనులు భయముతో ఆ ప్రక్కకే దొర్లుదురు. దానితో ఒరుగు ఎక్కువగును. క్రింది గదిలోని వారికి అద్దపు కిటికీలు గోడలగును. ఇందు దైవలీల యేమియు లేదు. బరువు, నీరు, మూయబడిన తలుపు - ఈ మూడింటి లెక్క యిది.

ఆనాడు మొదట సహాయమునకు వచ్చినదెవ్వరు? పట్టణముల నుండి రక్షకదళములు వచ్చులోపల ఆ యొడ్డు గ్రామముల గిరిజనులే తమ చిన్న పడవలలో సుడులకు ఎదురుపోయి తేలుచున్నవారిని పట్టి లాగిరి. ఎవరి బోట్ల పాటలు తమ గుడిసెలను అదరగొట్టుచున్నవో, ఎవరు తమ వెదురుపూవునకు పది రూపాయలు తగ్గించుకొని పోవుచున్నారో ఆ యతిథులనే వారు రక్షించిరి. అటుపిమ్మట మునిగిన బోటును వెలికి తీయుటకై నౌకాదళమువారు, ఇతర రాష్ట్రముల నిపుణులు, యంత్రములు వచ్చినవి. తుదకు అక్టోబరు 22వ తేదీన దానిని పైకి తెచ్చినది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందము. వారి సాధనములు లంగరులు, ఉక్కుత్రాళ్లు, మునిగి వెదకు ఈతగాండ్రు, నీటితో చిరకాలపు పరిచయము. శాస్త్రజ్ఞానమును తక్కువచేయుట మా యుద్దేశము కాదు. నదిని నమ్ముకొని బ్రతుకువారి యెరుకను శాస్త్రముతో సమానముగా కూర్చుండబెట్టవలెనని మాత్రము మేము కోరుచున్నాము. రేవు విడుచుటకు ముందు ఆ గ్రామములలోని ఒక వృద్ధ పడవవానిని పిలిచి ‘ఈనాడు పోవచ్చునా?’ యని అడిగి, అతడు తల అడ్డముగా ఊపిన బోటు కట్టివేయు నియమము ఆనాడు ఉండియున్న ఎన్ని కుటుంబములు నిలిచెడివి!

కచ్చులూరు సంగతి దేశమంతటను మ్రోగినది. అంతకు ముందటి యేడు, 2018 మే 15వ తేదీన, అదే దేవీపట్నము మండలములో మంటూరుకడ మునిగిన లాంచీ సంగతి ఎందరికి జ్ఞాపకమున్నది? అది విహారపు బోటు కాదు. సంతకు, ఆసుపత్రికి, కచేరికి పోయివచ్చు పల్లెవారు ఎక్కు లాంచీ. గాలివాన వచ్చుటచే తలుపులు, కిటికీలు మూసికొనిరి. బోటు ఒరిగినపుడు ఆ మూసిన తలుపులే వారికి మృత్యుద్వారములైనవి. చనిపోయినవారిలో ఎక్కువమంది గిరిజనులు. విహారికి నది యేడాదికొక దినము. ఆ పల్లెవారికి నది ప్రతిదినము. విహారి రక్షణకై చేయు ఏర్పాటు పల్లెవాని లాంచీకి చేయని ప్రభుత్వము సగము పని చేసినదే యగును. వెనుకటి యేడు 2017 నవంబరు 12న కృష్ణానదిలో ఇబ్రహీంపట్నము ఫెర్రీకడ అనుమతి లేని బోటు తలక్రిందులై ఇరువదిమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కురు ఒంగోలు నుండి కార్తికమాసపు ఆదివారము నదిని చూడ వచ్చినవారు. మూడేండ్లలో మూడు దుర్ఘటనలు. ప్రతిసారియు విచారణ, పరిహారము, కొన్ని నెలల నిషేధము, పిమ్మట మరపు.

కచ్చులూరు పిమ్మట ప్రభుత్వము తొమ్మిది చోట్ల బోట్లపై నిఘాకేంద్రములు నెలకొల్పుటకు పూనుకొన్నది. ఏర్పాటు మంచిదే. కాని నియమములు ఇనుమువంటివి. వాడుచుండిన నిగనిగలాడును, మూలబెట్టిన త్రుప్పు పట్టును. ఏ రెండేండ్లో ప్రమాదము లేక గడచినంతనే అధికారి కన్ను సడలును, బోటు యజమాని నలుగురిని ఎక్కువ ఎక్కించును. ఇందులో మన తప్పును కూడ ఒప్పుకొనవలెను. రేవులో దిగిన గృహస్థుడు ఉప్మాలో ఉప్పు తక్కువైనదని యజమానితో అరగంట వాదించును. ‘నేడు నదిలో నీరెంత? ఈ బోటు ఎందరికి? సరంగునకు లైసెన్సు కలదా? పిల్లల కొలతకు సరిపోవు జాకెట్లు ఎన్ని?’ అని ఒక్క ప్రశ్నయైనను వేయడు. ఉక్కగా నున్నదని పెద్దలే జాకెట్టు విప్పిన పిల్లవాడు వేసికొనునా? పెద్దవారికి కుట్టిన జాకెట్టును ఐదేండ్ల బిడ్డకు తగిలించిన, నీటిలో పడినపుడు జాకెట్టు పైకి తేలి బిడ్డ క్రిందికి జారును. తల్లులు ఈ ఒక్కమాట మనసునందుంచుకొనవలెను.

ఇక ఈత సంగతి. రెండు మహానదుల మధ్య పుట్టి పెరిగిన ఆంధ్రులలో పట్టణపు పిల్లలకు ఈత రాకపోవుట సిగ్గుచేటని మేము నిస్సంకోచముగా చెప్పుచున్నాము. పూర్వము ఎండిన సొరకాయబుర్రలు నడుమునకు కట్టి, మేనమామయో పెదనాన్నయో కాలువలో దింపి నేర్పెడివారు. నేడు ఆ కాలువలు మురికియైనవి, మేనమామలకు తీరిక లేదు. బడులలో గణితమునకు, ఆంగ్లమునకు ట్యూషను పెట్టించు తండ్రి ఈతకు మాత్రము పెట్టింపడు. వేసవి వచ్చినదన్న నదిలో స్నానమునకు దిగి తిరిగిరాని యువకుల వార్త యేదో యొక రేవు నుండి రాకమానదు. అందులోను ఇసుక త్రవ్వకముల పాపము కలదు. ఒడ్డున మోకాలిలోతు నీరు, రెండడుగులు వేసిన నిలువులోతు గొయ్యి. పైనుండి చూచువారికి రెండును ఒకటిగానే కనబడును. ఈత వచ్చినవానిని కూడ ఆ గొయ్యి మ్రింగగలదు. కావున ఒడ్డువారిని అడుగక క్రొత్త రేవులో దిగుట వీరత్వము కాదు, అవివేకము.

మరియొక విషయము కలదు. ఇది మా మనస్సును ఎక్కువగా కలచుచున్నది. పోలవరము జలాశయము పూర్తిమట్టము 45.72 మీటర్లు. నీరు ఆ మట్టమునకు నిలిచిన దినమున పాపికొండల నడుమ నేడు మనము చూచుచున్న యొడ్డులు, ఇసుకదిబ్బలు, రేవులు, పల్లెలు చాలవరకు నీటి యడుగునకు పోవును. దాదాపు లక్ష కుటుంబములు స్థలము మారవలసినవి. వారిలో పెద్దభాగము కోయలు, కొండరెడ్లు. దేవీపట్నము చుట్టునున్న పల్లెలు ఇప్పటికే వరదలకు మునిగి, జనులు కాలనీలకు తరలిపోయిరి. ప్రాజెక్టు వలదనుట మా యభిప్రాయము కాదు. సముద్రము పాలగుచున్న నీటిని పొలమునకు మలచుట దేశసేవయే. ఆ సేవకు మూల్యమెవరు చెల్లించుచున్నారో తెలిసికొనకుండుట మాత్రము దేశసేవ కాదు. ‘పాపికొండలు మునుగకముందే చూడుడు’ అని ప్రకటనలు వేయుచున్నారు. మునుగుచున్నవి కొండలా? కొండలు చాలవరకు నిలిచియే యుండును. మునుగునవి ఇండ్లు, చింతచెట్లు, పోచమ్మ గుళ్లు, పితరుల సమాధులు. ఇతరుల యింటి తుదిదినములను మనము వినోదముగా చూడబోవుచున్నామన్న ఎరుక యాత్రికునకు ఉండవలదా? ఈ నదికి తూర్పున నున్న రంప దేశము 1879లో పితూరీ లేవనెత్తినది. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు వెంట నడచినది. స్వాతంత్ర్యచరిత్రలో మనము గర్వముగా చెప్పుకొను అధ్యాయములను వ్రాసినవారు ఈ కొండలవారే. వారి మనుమలు నిర్వాసితుల జాబితాలో పేరు కొరకు కచేరీల చుట్టు తిరుగుచుండగా మనము బోటు పైయంతస్తున నాట్యమాడుట శోభగా నున్నదా?

అట్లని ప్రయాణము మానుడని మేము చెప్పము. మానిన ఆ యొడ్డువారి నోటికాడి కూడు పోవును. పోవు రీతిని మార్చుడని చెప్పుచున్నాము. పాపికొండలొక్కటే గోదావరి కాదు. ఒక దినములో అన్నియు చూచి రావలెనన్న ఆతురతయే మన విహారమునకు శత్రువు. రెండు దినములు తీరిక యున్న కుటుంబము మొదటి ప్రొద్దున రాజమహేంద్రవరము గట్టుపై నడచి, ధవళేశ్వరము పోయి, కాటన్ పేర నున్న ప్రదర్శనశాలను పిల్లలకు చూపి, ఆనకట్ట యేల కట్టిరో, దానికి పూర్వము ఈ ప్రాంతమున కరవు ఎట్లు నాట్యమాడెనో, 1970లలో మొదలైన క్రొత్త బ్యారేజి పాతదాని స్థానమునకు ఎట్లు వచ్చినదో చెప్పవచ్చును. పరాయిదొర పేరని సంకోచింప బనిలేదు. మేలు చేసినవానిని మరువకుండుట ఈ జిల్లాల రైతుల సంస్కారము. ఊరూర నిలిచిన కాటన్ విగ్రహములే దానికి సాక్ష్యము. కడియము తోటలలో నర్సరీలవారు అంటు కట్టు చేతినేర్పును ఒక గంట నిలిచి చూచిన పిల్లవానికి వృక్షశాస్త్రము పుస్తకమున కంటె బాగుగా ఎక్కును. ఆత్రేయపురములో బోర్లించిన కుండ వీపుపై బియ్యపుపిండి జావలో తడిపిన గుడ్డను ఒక్కసారి పరచి తీసి, కాగితము కంటె పలుచని పూతరేకును స్త్రీలు లేవనెత్తు విధము చూడవలసినదే గాని చెప్పనలవి కాదు. దానికి 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. అచ్చట ఆ స్త్రీల చేతి నుండియే కొనుడు. నగరపు దుకాణములో రంగుపెట్టెకు ఇచ్చు ధరలో సగమైనను వారికి చెందును.

కోనసీమలో దిండికడ ఇంటిపడవలు కలవు. వాని ధర సామాన్య గృహస్థునకు అందదు. అందనివారు చింతింప నక్కరలేదు. కాలువగట్టుపై సైకిలు తొక్కుచు, కొబ్బరితోటల నీడను ఆగుచు, పంటుపై పాయ దాటి అంతర్వేది చేరి, వాసిష్ఠ సముద్రములో కలియు చోట సాయంకాలము కూర్చుండుటకు ఎంత ఖర్చగును? కాకినాడకు సమీపమున కోరింగ మడ అడవులలో కొయ్యబాట వేసిరి. దానిపై మెల్లగా నడచిన బురదలో పరుగెత్తు పీతలు, నేలలో నుండి పైకి పొడుచుకొని వచ్చి గాలి పీల్చు వేళ్లు కనబడును. ఆ అడవులే తుపాను అలలకు అడ్డుగోడయని చెప్పిన పిల్లలకు చెట్టుపై గౌరవము పుట్టును. వరద రోజులలో ఎదురీది వచ్చు పులస చేపకై వేలకు వేలు కుమ్మరించు ధనికుల సంగతి మేము చెప్పము. పుస్తెలమ్మియైనను తినవలెనన్న సామెత పుట్టిన చోటనే దానిని పట్టు జాలరి యింట అది ఉడుకుట అరుదను మాట మాత్రము జ్ఞాపకముంచుకొనుడు.

పాపికొండలకు పోవువారికి మా సలహా క్లుప్తము. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు పోవుడు. వరదకాలమున ఎవరెంత చౌకగా పిలిచినను పోవలదు. పాటల గొట్టమును కట్టివేయుమని పదిమంది ఏకమై అడుగుడు. పదిమంది అడిగిన యజమాని వినును. తెచ్చిన ప్లాస్టిక్కు సంచులను, విస్తళ్లను మరల తీసికొని రండు. 2008లో ప్రకటింపబడిన ఆ జాతీయ వనమున వేయి చదరపు కిలోమీటర్ల అడవి మన చెత్తకు ఎదురుచూచుచుండలేదు. వెదురుపూవునకు అడిగిన ధర యిచ్చి, చేసినవాని పేరడుగుడు.

ప్రభుత్వమును మేము కోరునవి గొప్ప కోర్కెలు కావు. ఒడ్డు పల్లెల కోయ, కొండరెడ్డి యువకులకు సరంగులుగా, దారిచూపువారుగా, ఈతరక్షకులుగా శిక్షణ యిచ్చి, వారి సహకార సంఘములకే బోట్ల అనుమతులలో ముందుచోటు నిచ్చుట మొదటిది. జలాశయము నిండిన పిమ్మట విస్తరించు నీటిపై బోట్లు నడపు హక్కు దూరపు కాంట్రాక్టరులకు గాక ముంపునకు ఇండ్లిచ్చినవారికి చెందవలెను. ఇండ్లు పోగొట్టుకొన్న నీటిపై కూలివానిగా నిలువవలసిన గతి వారికి పట్టరాదు. పల్లెవారి లాంచీలకు కూడ విహారపు బోట్లతో సమానమైన తనిఖీ నడపుట రెండవది. 2027లో గోదావరికి పుష్కరములు. 2015 పుష్కరముల తొలిదినమున రాజమహేంద్రవరముకడ త్రొక్కిసలాటలో జరిగిన ప్రాణనష్టమును ఎవరును మరువలేదు. లక్షలాది కుటుంబములు దిగు ఆ రేవులలో ఈతరక్షకులు ఎందరు నిలుచుచున్నారో, ఏ రేవునకు ఎంతమందిని పంపుచున్నారో ముందుగానే జనులకు తెలుపవలెను.

ఇవన్నియు కుదురుటకు కాలము పట్టునేమో. ఒక్కపనికి మాత్రము కాలము గాని, ధనము గాని అక్కరలేదు. ప్రతి రేవునందును ఒక నల్లబల్ల నిలిపి, ప్రతి ఉదయము ఆనాటి నీటిమట్టము, సెకనుకు వచ్చుచున్న ప్రవాహము, ఆ రేవునుండి బయలుదేరు ప్రతి బోటు పేరు, అది మోయదగిన జనుల సంఖ్య, సరంగు పేరు తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాయవలెను. క్రింద ‘నేడు పోవచ్చును’ అనియో ‘నేడు పోరాదు’ అనియో ఒడ్డు గ్రామపు పడవవాడొకడు, అధికారి యొకడు కలిసి సంతకము చేయవలెను. సున్నపుముక్కకు, నల్లబల్లకు ఈ రాష్ట్రమున కొరత లేదని మేమెరుగుదుము.